ఆరు గంటల దురద

తాండూరు స్టేషన్ ఎనుక గల్లీల, పాలిష్ మిషన్ల రొద మొదలుగాకముందే పాండురంగం లేస్తుండె. గిలాసెడు చాయ తాగి, బీడీ చెవి మీద పెట్టుకొని, జహీరాబీ తోట తడిక జరుపుకొని లోపటికి పోతుండె. తెల్లారేసరికి దూలగొండి తీగ బాట మీదికి జారి ఉంటది. దాన్ని రెండు చేతులతోని ఎత్తి మళ్ల గోడ మీదికి ఏస్తుండె. పిట్టలు నీళ్లు తాగే నాపరాయి తొట్టిని అల్లుకుంటే, ఆ కొనలు ఇడదీసి కడవెడు నీళ్లు పోస్తుండె. ఆరుకు మొదలువెడితే ఏడుకు ఒడిసేది. ఎండకాలమైనా వానకాలమైనా ఇదే పని, ఆరేండ్లసంది. ఎందుకు చేస్తున్నవని ఎవరన్నా అడిగితే, చెయ్యకపోతే మాత్రం ఏం చేస్త అనెటోడు.

తోట జహీరాబీది. ఆమె భర్త తాజ్ మొహమ్మద్ బండల కాంట్రాక్టులు చేసి, ఇల్లు, ఇంటెనుక అరెకరం జాగ సంపాయించి పోయిండు. ఆ జాగల మిషన్లు పెట్టుకుంటమని ఎందరో వచ్చిండ్రు. ఆమె ఇయ్యలేదు. "మిషన్లకు తాండూరంత ఉన్నది, పిట్టలకేమున్నది," అనేది. గునుగు, తంగేడు, కలబంద, ఏది మొలిస్తే అది మొలువనిచ్చేది. ముంగిసలు, తొండలు, ఉడుము ఒకటి, పికిలిపిట్టలు, పేరు తెలువని పిట్టలు మస్తుగ ఉండె. అన్నిటికి ఆసరా ఆ దూలగొండే. దాంట్ల గూడు కడితే పిల్లి రాదు, పోరగాండ్లు చెయ్యి పెట్టరు. పాండురంగం ఆమె ఇంట్లనే రెండర్రలు కిరాయికి తీసుకొని ఉంటుండె.

దూలగొండి అంటే తెలువనోళ్లెవరు. కాయ మీది నూగు అంటితే మనిషి సిగ్గిడిచి పేడ పూసుకుంటడు. కాని జహీరాబీ తోటల దూలగొండి ముట్టినోళ్లకు ఏం గాదు. ముట్టినోళ్ల మీద ఎవరికి పానముంటదో, వాళ్లకు దురదవెడతది. వాళ్లు యాడున్నా సరే. మనిషికో జాగ. ఒకరికి మెడ, ఒకరికి వీపు, ఒకరికి అరికాలు. ఎండకాలం వచ్చినా ఆ తీగ ఎండదు, ఆకైనా కొనైనా ఒక్కతీరే పనిచేస్తది. గల్లీకి ఇది కొత్త ముచ్చటేం గాదు. నల్లా పొద్దుగాల వస్తదన్నట్టు, దూలగొండి ఉన్నదన్నట్టు.

గల్లీ ఆడోళ్లు దాన్ని మంచిగ వాడుకునెటోళ్లు. సత్యమ్మ అన్నం ఒండి, తడిక సందుల నుంచి వేలు పెట్టి ఒక ఆకు తాకేది. కల్లు దుకాణంల ఆమె మొగడు మత్తయ్య మెడ గోక్కుంట లేసేటోడు. "లెవ్వు, పిలుపొచ్చింది," అని పక్కోళ్లు సీసా జరిపెటోళ్లు. ఆఖరికి కాకులకు గూడ తప్పలేదు. కోయిలపిల్ల రెక్క తీగకు తాకితే, దాన్ని సాకిన కాకి కొమ్మ మీద ముక్కుతోని కడుపంత పొడుసుకునేది. తన పిల్ల గాదని దానికెవరు జెప్పాలె.

అయినా ఊకె ఊకె ఎవరూ ముట్టెటోళ్లు గాదు. దురదకు బుగులు లేదు. ముట్టినంక ఎవరూ గోక్కోకపోతేనే బుగులు. గందుకే గల్లీల ఒక మర్యాద ఉండె. ఎవరన్నా గోక్కుంటుంటే మొకం తిప్పుకోవాలె. ఎవరు ముట్టిండ్రు, నీకెందుకు దురద అని అడుగొద్దు. తన దురద సంగతి తను గూడ చెప్పుకోవద్దు. పోరగాండ్లకు మాటలతోపాటే ఇది గూడ నేర్పెటోళ్లు.

పాండురంగం దురద ఎడమ మోచేతికి. భార్య రాధమ్మ ఉన్నప్పుడు మాపటికి ఆరింటికి మోచెయ్యి జివ్వుమనేది. మిషన్ బంద్ చేసి, సున్నపునీళ్ల చేతులు లుంగీకి తుడుసుకొని ఇంటికి వచ్చేటోడు. ఒక్కోనాడు మధ్యాహ్నం పూట గూడ జివ్వుమనేది. ఏమన్నా పనుందా అని ఉరికొస్తే, ఏం లేదు, ఊకెనే అని రాధమ్మ నవ్వేది.

డెబ్బయి అయిదుల ఆమెకు కామెర్లయినయ్. పసరు మందు తాగించిండ్రు, తగ్గలేదు. వికారాబాద్ల చూపిద్దామని బండెక్కియ్యనీకి ఎత్తుకొని తోట పక్కనుంచి తీసుకపోతుంటే, రాధమ్మ చెయ్యి జాపి తీగను తాకింది. పాండురంగం మోచెయ్యి దురదవెట్టింది. రెండు చేతులు ఆమె కిందనే ఉండె. గోక్కోలేదు. బండి వికారాబాద్ చేరకముందే ఆమె పోయింది.

పాండురంగం ఏడ్వలేదు. దినాలప్పుడు ఏడుస్తడనుకున్నరు, అప్పుడూ ఏడ్వలేదు. తర్వాత అతనికి ఉప్పూకారం తేడా తెలువకుంట అయింది. ఒకనాడు బండ కింద వేలు పడి గోరు ఊడితే, పక్కోడు చెప్తే చూసుకున్నడు. మోచెయ్యి మళ్ల ఎన్నడు దురదవెట్టలేదు. మనిషి తిరుగుతుండె, పనిచేస్తుండె, పలుకరిస్తే పలుకుతుండె. గంతే.

అయిదేండ్ల బిడ్డ చంద్రకళను చూసుకునేటోళ్లు లేరు. పాండురంగం అక్క ఇంద్రమ్మ బషీరాబాద్ల ఉండె. పెండ్లయి పదిహేనేండ్లయినా పిల్లల్లేరు. బావ జనార్దన్‌కు అయిదెకరాల కంది చేను. "పిల్లను నేను సాదుకుంట, నువ్వు కుదుటపడ్డంక తోలుకపో తమ్ముడా," అని ఇంద్రమ్మ తీసుకపోయింది. పాండురంగం సరేనన్నడు. కుదుటపడుడు అంటే ఏందో అతనికి తెలువలేదు. ఆ యేడే జహీరాబీ నడుము పట్టుకపోయి తోటపని చాతగాకుంటైతే, పొద్దుగాల తీగ సవరించే పని అతనే మీదేసుకున్నడు.

ఏడాదికోపారి, దసరా ముందు, ఇంద్రమ్మ పిల్లను తోలుకొని వచ్చేది. డెబ్బయి తొమ్మిదిల వచ్చినప్పుడు పాండురంగం ఒక పని చేసిండు. అది చెయ్యకుంటుంటే బాగుండు.

చంద్రకళకు అప్పటికి తొమ్మిదేండ్లు. తోటల చెట్టుకింద బండ మీద కూసున్నది, నిండు చేతుల జాకెట్ ఏసుకొని. పక్కన ఇంద్రమ్మ వక్కలు కత్తిరిస్తున్నది. పాండురంగం తీగ సవరిస్తున్నట్టు చేసి, రెండు చేతులు మోచేతుల దాక దాంట్ల పెట్టిండు. పెట్టి, బిడ్డ దిక్కు చూసిండు. ఇంద్రమ్మ గోక్కోలేదు, ఆమె పానమంత పిల్ల మీదనే, అది అనుకున్నదే. చంద్రకళ గూడ గోక్కోలేదు. చేతులు తొడల కింద పెట్టుకొని, మొకం నిలబెట్టి, కదలకుంట కూసున్నది. అతను నూరు లెక్కవెట్టిండు. పిల్ల కదలలేదు.

చేతులు తీసుకొని తొట్టిల కడుక్కున్నడు. పిల్ల మర్చిపోయింది, మంచిదే అనుకున్నడు. నొప్పి గూడ గాలేదు. వాళ్లు బస్సెక్కిపోయినంక ఎప్పటితీరు పనికి పోయిండు.

ఎనభై ఒకటిల ఆషాఢం ఎల్లుతుంటే ఇంద్రమ్మ ఒక్కతే వచ్చింది. చాప మీద కూసొని సూటిగ అడిగింది.

"చంద్రిని మాకు దత్తత ఇయ్యి తమ్ముడా. నువ్వు రెండో లగ్గం చేసుకోవు, పిల్లను తోలుకపోవు. ఆరేండ్లయె. వచ్చే యేడు పెద్ద బడిల ఎయ్యాలె. తండ్రి పేరు ఏం రాయాలె అని సారు అడుగుతడు. రేపు ఏదన్నా అంటే పిల్ల నీదా నాదా? నేనెవర్ని దానికి?"

ఆమె గూడ మనిషే గదా. ఆరేండ్లు తల దువ్వింది, జొరమొస్తే పక్కల కూసున్నది. పాండురంగం తలూపిండు.

"ఇస్త అక్కా."

"బావతోని గూడ మాట్లాడుతవా?"

"అవసరం లేదు. ఎప్పుడు రావాలెనో చెప్పు."

శ్రావణం మొదటి గురువారం మంచిదని పంతులు చెప్పిండట. హోమం చేసి, తండ్రి పిల్ల చెయ్యి పట్టుకొని తీసుకపోయి ఇంద్రమ్మ జనార్దన్‌ల ఒడిల కూసోబెట్టాలె. కూసోబెట్టినంక ఇగ తిరుగు లేదు. ఇంటిపేరు మారుతది, తండ్రి మారుతడు.

బుధవారం మాపటికి జహీరాబీ అతన్ని పిలిచింది. మంచం మీద కూసొని పాన్ చుడుతున్నది. కొత్త అంగి, ధోతి చేతుల పెట్టింది.

"రేపు ఏసుకపో. పాత బట్టలతోని పోకు, వాళ్లేమనుకుంటరు."

"మంచిది బీబమ్మా."

"పిల్లనిచ్చినంక మళ్ల నాది అనొద్దు. సమజైందా?"

"సమజైంది. దానికి నేను యాదికే లేను బీబమ్మా."

"ఎవరు జెప్పిండ్రు?"

"చూసిన గద. రెండేండ్ల కింద, దసరకు వచ్చినప్పుడు. రెండు చేతులు పెట్టిన తీగల. అది కదలలేదు."

గల్లీల ఎవరూ ఇంతగనం విప్పి మాట్లాడరు. జహీరాబీ పాన్ నోట్ల పెట్టుకున్నది.

"నేను గూడ చూసిన. కదలలేదు. మొకం మీద ఈగ వాలినా కదలలేదు. తొమ్మిదేండ్ల పిల్ల గంత కదలకుంట ఎందుకు కూసుంటది?"

పాండురంగానికి ఆ మాట ఎటూ తాకలేదు.

"సరే పో. రేపు తోటలకు రాకు. కొత్త అంగికి పసరు అంటితే పోదు. తీగ ఒక్కనాడు జారితే జారనీ."

గురువారం పొద్దుగాల ఆరేండ్లల రెండోపారి అతను తోటలకు పోలేదు. మొదటిపారి పోయిన యేడు జొరమొచ్చి ఇరవై దినాలు మంచంల ఉన్నప్పుడు. ఆరున్నరకే బషీరాబాద్ బస్సెక్కిండు.

ఇంద్రమ్మ ఇంటి ముందు పందిరేసిండ్రు. పక్కూర్ల నుంచి చుట్టాలొచ్చిండ్రు. కొందరు తెలుగు, కొందరు కన్నడం. పంతులు ఇటుకలు పేర్చుతున్నడు. జనార్దన్ ఎదురొచ్చి, "రా బామ్మర్దీ, కాళ్లు కడుక్కో," అన్నడు. పెరట్ల గోలెం దగ్గరికి పోతే, చంద్రకళ చెంబుతోని నిలబడి ఉన్నది. పదకొండేండ్లు. పట్టులంగా, నిండు చేతుల జాకెట్. కండ్లు ఉబ్బినయ్. అతన్ని చూసి చెంబు కింద పెట్టింది, మళ్ల తీసుకున్నది.

"నీకు పానం బాగుందా నాయినా?"

"బాగనే ఉంది బిడ్డా."

కాళ్ల మీద నీళ్లు పోసింది. సగం నీళ్లు పక్కకు పోయినయ్.

"ఇయ్యాల పొద్దుగాల తోటపని చెయ్యలేదా?"

"లేదు. కొత్త బట్టలని బీబమ్మ పోవొద్దన్నది." అని కాలు తుడుసుకోబోయి ఆగిండు. "నీకెట్ల తెలుసు?"

చంద్రకళ అటూ ఇటూ చూసింది. చెప్పుకోవద్దని నేర్పిన గల్లీల పుట్టిన పిల్ల. ఆరేండ్లు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే ఇగ చెప్పేది లేదని దానికి గూడ తెలిసినట్టున్నది. జాకెట్ కుడి చెయ్యి మీదికి గుంజింది.

మణికట్టు నుంచి మోచేతి దాక ఒట్టి మచ్చలే. గోకి, పుండయి, మాని, మళ్ల గోకిన మచ్చలు. కొన్ని పాతయి, నల్లబడ్డయి. కొన్ని నిన్నటివి.

"రోజూ ఆరు నుంచి ఏడు దాక," అన్నది. "నువ్వు లేసినవని తెలుస్తది. తీగ ఎత్తుతున్నవు, నీళ్లు పోస్తున్నవు అనుకుంట. పోయినేడు ఇరవై దినాలు దురద రాలేదు. నువ్వు సచ్చిపోయినవనుకున్న. అన్నం తినలేదు. అత్తమ్మ కొట్టింది. ఇయ్యాల గూడ రాలేదు. గందుకే చూస్తున్న నువ్వొస్తవా రావా అని."

పాండురంగం గోలెం అంచు పట్టుకున్నడు.

"మరి ఆ దసరకు? నేను చేతులు పెట్టిన. నువ్వు గోక్కోలేదు."

"అత్తమ్మ గోకొద్దన్నది. నాకు వికారాబాద్ల సూదులేయించింది, వేపనూనె రుద్దింది, తగ్గలేదు. ఇగ నాయిన ముందట గోకితే చీదరించుకుంటడు, మంచిగ కూసుంటే తోలుకపోతడు అన్నది." పిల్ల చెంబు దిక్కు చూస్తూ చెప్తున్నది. "చేతుల మీద కూసున్న. నువ్వు మస్తుసేపు పెట్టినవు నాయినా. అయినా ఓర్చుకున్న. నువ్వు తోలుకపోలేదు."

లోపట్నుంచి ఇంద్రమ్మ పిలిచింది, ముహూర్తం దాటుతున్నదని.

పాండురంగం బిడ్డ జాకెట్ చెయ్యి కిందికి దించిండు. మెల్లగ దించిండు, బట్ట పుండ్లకు రాసుకోకుంట. చెయ్యి పట్టుకొని పందిట్లకు నడిపించుకొచ్చిండు. ఇంద్రమ్మ, జనార్దన్ పీటల మీద కూసున్నరు. ఇంద్రమ్మ కొంగు ఒడిల పరుచుకున్నది. దాంట్ల బియ్యం, పసుపు. పంతులు, "పిల్లను కూసోబెట్టు," అన్నడు.

పాండురంగం కూసోబెట్టలేదు. అక్క ముందు మోకాళ్ల మీద కూసున్నడు.

"అక్కా, నేనియ్యలేను."

"ఏనాయ్తు," ఏమైందని ఎనుక ఒక ముసలమ్మ కన్నడంల పక్కామెను అడిగింది. జనార్దన్ లేసి నిలబడ్డడు. ఇంద్రమ్మ లేవలేదు.

"నేను పిల్లకేం తక్కువ చేసిన తమ్ముడా?"

"ఏం తక్కువ చెయ్యలేదు. తప్పు నాది. నేను దాన్ని రోజూ పిలిచిన, పిలిచిన సంగతి నాకే తెలువలేదు."

గల్లీది గాని ఇంద్రమ్మకు ఆ మాట అర్థం గాలేదు. అర్థం చేయించే తీరు పాండురంగానికి తెలువలేదు. ఆమె ఒడిల బియ్యం కింద పోసి లోపటికి పోయి తలుపేసుకున్నది. జనార్దన్ మంచోడు, తిట్టలేదు. పిల్ల బట్టలు సంచిల పెట్టి తెచ్చి ఇచ్చిండు. "ఇట్ల చేసేదుంటే ముందుగాల చెప్పాలె బామ్మర్దీ," అని మాత్రం అన్నడు. చంద్రకళ తలుపు దగ్గర నిలబడి, "అత్తమ్మా, పోయొస్త," అని మూడుసార్లన్నది. తలుపు తెరుసుకోలేదు.

తండ్రీబిడ్డలు బస్సెక్కిండ్రు. సగం దారి దాటినంక చంద్రకళ అతని భుజానికి ఒరిగి నిద్రపోయింది. దాని చెయ్యి అతని ఒడిలకు జారింది. అతను దాన్ని కదిలియ్యలేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దుగూకుతున్నది. జహీరాబీ గడప మీద కాళ్లు జాపుకొని కూసున్నది. పిల్లను చూసి, సంచిని చూసి, ఏం అడుగలేదు. పాండురంగమే ఆమె ముందట నిలబడ్డడు.

"దానికి ఆరేండ్లసంది దురద వస్తున్నదట బీబమ్మా."

"వస్తది గద మరి."

"నాకు ఎవరు జెప్పలేదు."

"నా కుడి పిక్క చూడు," అని జహీరాబీ చీర కొద్దిగ పైకి జరిపింది. మోకాలి కింద దొడ్డుగ మచ్చ కట్టింది. "నువ్వు తోటల దిగినప్పటిసంది రోజూ గంటసేపు లోపట కూసొని గోక్కుంటున్న. నీకు చెప్పిన్నా? చెప్పేది గాదు, అడిగేది గాదు. అదొక పాడు మర్యాద."

చంద్రకళ సంచి కింద పెట్టి తడిక దగ్గరికి పోయింది. ఒక్కనాడు సవరించకపోయేసరికి తీగ బాటంత కప్పింది. తొట్టి కనపడుతలేదు. పికిలిపిట్ట ఒకటి అంచు ఎతుక్కుంట తిరుగుతున్నది. పిల్ల వంగి, తీగను రెండు చేతులతోని ఎత్తింది. అట్ల దాన్ని ముట్టుడు దానికి అదే మొదలు.

పాండురంగం ఎడమ మోచెయ్యి జివ్వుమన్నది.

మొదలు అతనికి ఏందో తెలువలేదు. ఆరేండ్లయె గద. తర్వాత కుడి చెయ్యి దానంతటదే పోయి మోచేతి మీద పడ్డది. అతను గోక్కున్నడు. గోర్లతోని, గట్టిగ, నెత్తురు చిమ్మేదాక గోక్కున్నడు. నొప్పి పుట్టింది. నొప్పి పుట్టిందని ఏడ్చిండు, రాధమ్మను వికారాబాద్ తీసుకపోయిననాడు ఏడ్వాల్సిన ఏడుపంత గడప ముందు కూసొని ఏడ్చిండు. జహీరాబీ మర్యాదను తిట్టినా దాన్ని ఇడువలేదు. మొకం పక్కకు తిప్పుకొని పిట్టను చూస్తూ కూసున్నది.

తెల్లారినంక తీగ సవరించే పని చంద్రకళ తీసుకున్నది. నీళ్లు పోసే పని పాండురంగం ఉంచుకున్నడు. ముట్టేది బిడ్డ, గోక్కునేది తండ్రి. అతను మిషన్ దగ్గరికి మోచేతికి కొబ్బరినూనె పూసుకొని పోతుండె.

తొమ్మిదోనాడు మధ్యాహ్నం బస్సుకు ఇంద్రమ్మ వచ్చింది. పిలువకుంటనే వచ్చింది. మెడకు కొంగు చుట్టుకున్నది. తడిక దగ్గర నిలబడి, లోపటికి రావాల్నా వద్దా అన్నట్టు చూసింది. కోపం మొకం పెట్టుకున్నది గాని, చెయ్యి మాత్రం కొంగు కిందనే ఉన్నది, కదులుతున్నది. ఎవరన్నా చూస్తున్నరేమో అని ఆపుతున్నది, మళ్ల కదులుతున్నది.

"రోజూ పొద్దుగాల పెడుతున్నది తమ్ముడా. ఇయ్యాలయితే బస్సు దిగినసంది," అన్నది. "పిల్ల దగ్గర నాకంటుకున్నట్టున్నది."

పాండురంగం అక్క దిక్కు చూసిండు, బిడ్డ దిక్కు చూసిండు. చంద్రకళ అప్పుడు పిట్టలగూటి దగ్గర తీగల చేతులు పెట్టి ఉన్నది. తియ్యలేదు. గల్లీ మర్యాద తెలిసిన పిల్ల మొకం తిప్పుకోవాలె, అది గూడ చెయ్యలేదు.

"గోక్కో అత్తమ్మా," అన్నది. "ఎవరేమనుకోరు."

ఇంద్రమ్మ కొంగు తీసింది.